సముద్రం పక్కనే ఉన్నా విశాఖ గాలి ఎందుకు ఆగిపోతుంది?

విశాఖపట్నంలో కాలుష్యం మాట ఎప్పుడు వచ్చినా ఒక ధీమా వినిపిస్తుంది. సముద్రం పక్కనే ఉంది కదా, ఎంత పొగ వచ్చినా గాలి ఊడ్చుకుపోతుందని. ఇందులో సగం నిజమే. జూలైలో నైరుతి గాలి బలంగా వీస్తున్న మధ్యాహ్నం, వాన లేని సమయం చూసి కైలాసగిరి ఎక్కితే దక్షిణాన యారాడ కొండ అంచు స్పష్టంగా కనిపిస్తుంది. డిసెంబరు చివర్లో ఉదయం ఏడు గంటలకు అక్కడి నుంచే చూస్తే పోర్టు మీద బూడిద రంగు పొర పరుచుకుని ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ ఆనవాలు మాత్రమే తెలుస్తుంది. ఈ రెండు రోజుల మధ్య రిఫైనరీ గొట్టాలు పెరగలేదు, ఉక్కు కర్మాగారం రెట్టింపు కాలేదు, గాజువాక రోడ్డు మీద లారీలు పదింతలు కాలేదు. నగరం వదిలే పొగ ఇంచుమించు అంతే. అది కలిసే గాలి పరిమాణమే మారింది.

ఆ పరిమాణాన్ని రెండు విషయాలు నిర్ణయిస్తాయి. నేల నుంచి ఎంత ఎత్తు వరకు గాలి పైకీ కిందికీ కలుస్తోంది, ఎంత వేగంగా పక్కకు కదులుతోంది. మొదటిదాన్ని వాతావరణ శాస్త్రవేత్తలు మిశ్రమ పొర ఎత్తు అంటారు. దాన్ని గాలి వేగంతో గుణిస్తే వచ్చేది ఆ ప్రాంతానికి గాలి ఆడే సామర్థ్యం. లెక్క వేసి చూస్తే దీని బలం అర్థమవుతుంది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం మిశ్రమ పొర 1,500 మీటర్లు, గాలి సెకనుకు 5 మీటర్లు అనుకుంటే లబ్ధం 7,500. చలికాలపు రాత్రి పొర 150 మీటర్లకు కుంగి, గాలి సెకనుకు 1 మీటరుకు తగ్గితే లబ్ధం 150. అంటే 50 రెట్ల తేడా. కాలుష్యాన్ని 50 రెట్లు తగ్గించే యంత్రం ఏ కర్మాగారంలోనూ అంత తేలిగ్గా దొరకదు. వాతావరణం ఆ పనిని, దానికి సరిగ్గా వ్యతిరేకమైన పనిని కూడా, రోజూ చేస్తూనే ఉంటుంది.

రాత్రి ఆ పొర ఎందుకు కుంగుతుందో చూడాలి. మామూలుగా పైకి వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది, సగటున కిలోమీటరుకు 6.5 డిగ్రీలు. నేల దగ్గర వేడెక్కిన గాలి తేలికై పైకి లేస్తుంది, దానితో పాటే పొగా వెళ్లిపోతుంది. మబ్బులేని చలికాలపు రాత్రి ఇది తలకిందులవుతుంది. నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేసి త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన ఉన్న గాలి మాత్రం వెచ్చగానే ఉంటుంది. చల్లని బరువైన గాలి కింద, వెచ్చని తేలికైన గాలి పైన చేరితే ఇక కదలిక ఉండదు. దీనినే ఉష్ణోగ్రత విలోమం అంటారు. వెచ్చని పొర గిన్నె మీద మూతలా పనిచేస్తుంది.

విశాఖ విషయంలో గిన్నె కూడా సిద్ధంగా ఉంది. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండల వరుస, దక్షిణాన యారాడ కొండలు, పడమట తూర్పు కనుమల పాదాలు, తూర్పున సముద్రం. మధ్యలో మేఘాద్రి గెడ్డ ప్రవహించే పల్లపు ప్రాంతం. 1933లో పోర్టు వచ్చింది అక్కడే, 1957లో రిఫైనరీ వచ్చింది అక్కడే, ఆ తరువాత ఎరువుల కర్మాగారం, జింకు కర్మాగారం చేరిందీ ఆ చుట్టుపక్కలే. ఓడలకు తుపాను నుంచి రక్షణ ఇచ్చే కొండలే పొగను బయటికి పోనివ్వని గోడలూ అయ్యాయి. సింహాచలం కొండ ఎత్తు దాదాపు 300 మీటర్లు. రాత్రిపూట విలోమం చాలాసార్లు దానికన్నా తక్కువ ఎత్తులోనే ఏర్పడుతుంది కాబట్టి, పక్కల కొండలు, పైన మూత కలిసి పల్లాన్ని చాలావరకు మూసేస్తాయి. పైగా కొండవాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి మెల్లగా పల్లంలోకే జారి అక్కడి చల్లదనాన్ని ఇంకా పెంచుతుంది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాలుగా గుర్తించిన 43 చోట్లలో విశాఖ ఉండడానికి పరిశ్రమల సంఖ్య ఒక్కటే కారణమని అనుకుంటే, వాటిని ఎక్కడ పెట్టామన్న ప్రశ్న తప్పించుకున్నట్టే.

ఈ మూత రోజులో ఎలా మారుతుందో కళ్లతోనే చూడవచ్చు. అందుకు పరికరం అక్కర్లేదు, ఒక పొడవాటి చిమ్నీ చాలు. తెల్లవారుజామున పొగ గొట్టం నోటి నుంచి వచ్చి, పైకి పోక, కిందికి దిగక, చదునైన పట్టీలా కిలోమీటర్ల దూరం సాగుతుంది. చూడటానికి ప్రశాంతంగా ఉంటుంది. ఆ పొగ ఇంకా ఎవరి ముక్కుకూ చేరలేదు, పైనే నిలిచి ఉంది. ఎనిమిది, తొమ్మిది గంటలకు ఎండ నేలను వేడి చేయడం మొదలుపెడితే కింద నుంచి గాలి మరగడం మొదలై, ఆ కదలిక పొగ పట్టీ ఉన్న ఎత్తును అందుకుంటుంది. అందుకోగానే రాత్రంతా పోగైనది ఒక్కసారిగా నేలకు దిగుతుంది. బడిపిల్లలు ఆటోల్లో కూర్చునే వేళ, రోడ్డు మీద వాహనాల పొగ కూడా ఎక్కువయ్యే వేళ ఇదే. పదకొండు దాటేసరికి అదే చిమ్నీ పొగ పాము మెలికలు తిరిగినట్టు పైకీ కిందికీ ఊగుతూ విరిగిపోతుంది. మధ్యాహ్నం గాలి శుభ్రంగా అనిపిస్తుంది. రాత్రి ఎనిమిది తరువాత సముద్రపు గాలి పడిపోయి, ఆకు కదలని ఉక్క మొదలైతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

బీచ్ రోడ్డులో ఉదయపు నడకకు వచ్చేవారి నమ్మకం కూడా ఇక్కడే కొంచెం సడలుతుంది. నడిచేవారి కోసం ఆ వేళ వాహనాలను ఆపేస్తారు, ఎదురుగా అంత సముద్రం, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ తెల్లవారుజామున గాలి సముద్రం నుంచి రాదు. రాత్రి భూమి సముద్రం కంటే చల్లగా ఉంటుంది కాబట్టి భూ పవనం నగరం మీదుగా సముద్రంలోకి వెళుతుంది. ఆ గంటల్లో ఆర్కే బీచ్ నగరానికి గాలివాలున ఉంటుంది. అక్కడ పీల్చే గాలి పూర్ణా మార్కెట్ మీదుగా, జగదాంబ మీదుగా వచ్చినదే కావచ్చు. నడక మానేయమని దీని అర్థం కాదు. సముద్రపు గాలి మొదలయ్యాక నడిచినా నష్టం లేదు, ఎండ ఒక్కటే ఇబ్బంది.

ఇక సముద్రపు గాలి దగ్గరకు వద్దాం. విశాఖ ధీమా అంతా దీని మీదే. పొద్దెక్కి భూమి వేడెక్కాక, సాధారణంగా పది, పదకొండు గంటల ప్రాంతంలో, ఆగ్నేయం వైపు నుంచి గాలి లోపలికి వస్తుంది. ఈ తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా సాగుతుంది కాబట్టి సముద్రపు గాలి పోర్టు మీదుగా వాయవ్యానికి, అంటే జ్ఞానాపురం, కంచరపాలెం, ఎన్‌ఏడీ, గోపాలపట్నం వైపు పొగను నెడుతుంది. తీరం వెంట ఉన్నవారికి అది శుభ్రమైన గాలే. లోపల ఉన్నవారికి అది తీరం దగ్గరి పరిశ్రమల మీదుగా వచ్చిన గాలి. నగరంలో గాలి బాగుందా అని అడిగితే, ఏ వీధి నుంచి అడుగుతున్నారో ముందు చెప్పాలి.

ఇందులో మరో చిక్కు ఉంది, దీని గురించి నగరంలో చర్చ తక్కువ. సముద్రపు గాలి చల్లనిది, నిలకడైనది. పైకీ కిందికీ కదలడానికి అంత ఇష్టపడదు. అది వేడెక్కిన నేల మీదికి రాగానే అడుగు భాగం వేడెక్కి కలవడం మొదలవుతుంది. ఈ కలిసే పొర తీరం దగ్గర చాలా పలుచన, లోపలికి వెళ్లేకొద్దీ మందమవుతుంది. అందువల్ల తీరప్రాంతంలో మధ్యాహ్నం కూడా మిశ్రమ పొర లోతట్టు ఊళ్లలోలాగా రెండు, మూడు కిలోమీటర్లు లేవదు. తీరానికి దగ్గరగా ఉన్న ఎత్తైన చిమ్నీ సంగతి చూడండి. మన దేశంలో 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ ఉండాలన్నది చాలా కాలంగా ఉన్న నిబంధన. పరవాడ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో నాలుగు యూనిట్లూ 500 మెగావాట్లవే. అంత ఎత్తున వదిలితే పొగ పలుచబడి నేలకు చేరుతుందన్నది ఆ నిబంధన వెనుక ఆలోచన. మైదాన ప్రాంతాల్లో అది చాలావరకు పనిచేస్తుంది. తీరంలో మాత్రం పొగ మొదట కలిసే పొరకు పైన, నిలకడైన సముద్రపు గాలిలో చెదరకుండా లోపలికి ప్రయాణిస్తుంది. కొన్ని కిలోమీటర్ల తరువాత, కింది నుంచి పెరుగుతున్న కలిసే పొర దాన్ని అందుకుంటుంది. అక్కడ, చిమ్నీకి దూరంగా, చిమ్నీ కంటికి కూడా ఆనని ఊళ్లో, పట్టపగలు పొగ నేలకు దిగుతుంది. ఉదయపు విలోమం విడిపోయేటప్పుడు అది అరగంట వ్యవహారం. ఇది సముద్రపు గాలి ఉన్నంతసేపూ, గంటల తరబడి సాగగలదు. పరిశ్రమ గేటు దగ్గర కొలిస్తే అంకెలు చక్కగానే ఉంటాయి. కొలిచేవారికి అదొక సౌకర్యం.

సముద్రంలోకి వెళ్లింది కదా, పోయినట్టే అనుకోవడమూ తొందరపాటే. రాత్రి భూ పవనం మోసుకెళ్లిన పొగ తీరానికి కొంత దూరంలో సముద్రం మీద తేలుతూ ఉండిపోతుంది. అక్కడి గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి త్వరగా పలుచబడదు. మర్నాడు సముద్రపు గాలి అందులో కొంత భాగాన్ని వెనక్కి తెస్తుంది. రాత్రంతా అందులోని నైట్రోజన్ ఆక్సైడ్లు, ఇంధన ఆవిర్లు కలిసి ఉండి, ఉదయం ఎండ తగలగానే, నేల దగ్గర పీల్చితే ఊపిరితిత్తులకు హాని చేసే ఓజోన్‌ను పుట్టిస్తాయి. సముద్రం నుంచి వచ్చే గాలిలో ఓజోన్ ఎక్కువ ఉండటం తీర నగరాల్లో వింత కాదు. ఈ రాకపోకలు గాలి బలహీనంగా ఉన్న రోజుల్లో ఎక్కువ. నైరుతి రుతుపవనం బలంగా ఉన్నప్పుడు భూ, సముద్ర పవనాలకు చోటే ఉండదు, పెద్దగాలి అన్నిటినీ తీసుకుపోతుంది. మే నెలలో పడమటి వడగాలి తోసుకొచ్చే రోజుల్లో సముద్రపు గాలి మధ్యాహ్నం దాకా లోపలికి రాలేదు. ఆ రోజుల్లో జనం ఉక్కిరిబిక్కిరయ్యేది వేడితో, పొగతో కాదు.

రాత్రి గాలి స్వభావం ఎంత ప్రమాదకరమో ఈ నగరం ప్రాణాలు పోగొట్టుకుని తెలుసుకుంది. 2020 మే 7న తెల్లవారుజామున మూడు గంటల ప్రాంతంలో గోపాలపట్నం దగ్గర ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీలో వాడే స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే దాదాపు మూడున్నర రెట్లు బరువు. బరువైన ఆవిరి పైకి లేవదు, నేలను అంటిపెట్టుకుని పల్లం వెతుక్కుంటూ పోతుంది. పట్టపగలు జరిగి ఉంటే నేల వేడికి కలిగే కదలిక, సముద్రపు గాలి దాన్ని కొంతైనా విరిచేవి. ఆ వేళలో ఆ రెండూ ఉండవు. అంతకు ముందు, 1997 సెప్టెంబరు 14న ఉదయాన్నే హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో ఎల్‌పీజీ లీకై మేఘంలా పరుచుకుని అంటుకున్న ప్రమాదంలో దాదాపు 60 మంది మరణించారు. ఎల్‌పీజీ కూడా గాలి కంటే బరువైనదే. లీకేజీకి కారణాలు యంత్రాల్లో, మనుషుల నిర్లక్ష్యంలో ఉన్నాయి, వాతావరణాన్ని నిందించి లాభం లేదు. కానీ లీకయ్యాక ఎటు వెళుతుంది, ఎంతసేపు నిలుస్తుంది అన్నది ఆ గంటలోని గాలి నిర్ణయిస్తుంది. పరిశ్రమల అత్యవసర ప్రణాళికలు రాసేటప్పుడు మధ్యాహ్నపు గాలిని దృష్టిలో పెట్టుకుంటే ఆ కాగితం అక్కరకు రాదు.

ఇంతవరకు గాలి వీస్తే మంచిది, ఆగితే చెడ్డది అన్నట్టుగా సాగింది. పాతనగరం వాసులను అడిగితే వెంటనే ఖండిస్తారు. పోర్టులో బొగ్గు, ఇనుప ఖనిజం గుట్టలుగా పోసి ఉంటాయి. ఎండిన గుట్ట మీద గాలి ఒక వేగం దాటితే పొడి లేస్తుంది. వన్‌టౌన్, కాన్వెంట్ జంక్షన్ వైపు ఇళ్లలో పొద్దున తుడిచిన నేల మీద సాయంత్రానికి పాదం పెడితే అరికాలు నల్లగా అంటుతుంది. డాబా మీద ఆరేసిన తెల్ల బట్టలు మాపటికి తెల్లగా ఉండవు. అంటే ఇక్కడ గాలే కాలుష్య కారకం. చిమ్నీ పొగకు నిశ్చలమైన రాత్రి చెడ్డదైతే, బొగ్గు గుట్టకు పొడిగాలి వీచే మధ్యాహ్నం చెడ్డది. గుట్టల మీద నీళ్లు చల్లడం, టార్పాలిన్లు కప్పడం, కప్పు కింద నిల్వ చేయడం వంటివన్నీ తెలిసిన మందులే. నీళ్లు చల్లిన తడి మార్చి, ఏప్రిల్ ఎండకు ఎంతసేపు నిలుస్తుందన్నది మాత్రం వాతావరణం చెప్పాలి. మొక్కుబడిగా ఉదయం ఒకసారి చల్లితే గాలి లేచే వేళకు గుట్ట ఎండిపోయి ఉంటుంది.

వాన విషయంలోనూ జనాభిప్రాయం పూర్తిగా ఒప్పు కాదు. వాన పడితే గాలి కడిగినట్టవుతుందంటారు. పెద్ద కణాలకు, అంటే రోడ్డు ధూళికీ బొగ్గు పొడికీ, అది నిజం. చినుకు కిందికి దిగుతూ వాటిని గుద్దుకుని తనతో తెస్తుంది. 0.1 నుంచి 1 మైక్రోమీటరు మధ్య ఉండే సన్నని కణాలు మాత్రం చినుకు చుట్టూ ప్రవహించే గాలితో పాటు పక్కకు తప్పుకుంటాయి. ఊపిరితిత్తుల లోతుకు చేరేవి, పీఎం 2.5లో, అంటే 2.5 మైక్రోమీటర్లు, అంతకన్నా సన్నని ధూళిలో ముఖ్యమైనవి ఇవే. అందుకే నాలుగు చినుకుల వాన తరువాత పీఎం 10, అంటే 10 మైక్రోమీటర్ల దాకా ఉండే మొత్తం ధూళి, పడిపోయినంతగా పీఎం 2.5 పడదు. వానతో పాటు వచ్చే బలమైన గాలి, కొత్త గాలిరాశి వల్ల తగ్గేదే ఎక్కువ.

తేమ చేసేది ఇంకో రకం పని. విశాఖలో తేమకు కొదువ లేదు. సల్ఫర్ డయాక్సైడ్ తేమలో, మంచు బిందువుల్లో వేగంగా సల్ఫేటుగా మారుతుంది. అది అమ్మోనియాతో కలిసి సన్నని కణమవుతుంది. చిమ్నీ నుంచి వాయువుగా వెళ్లింది ఊరి మీద ధూళిగా తిరిగొస్తుందన్నమాట. ఇలాంటి లవణ కణాలు, సముద్రపు ఉప్పు కణాలు గాలిలో తేమ 75, 80 శాతం దాటితే నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. ఉబ్బిన కణం వెలుతురును ఎక్కువ చెదరగొడుతుంది. జనవరి ఉదయం కనిపించే తెల్లని తెరను అందరూ పొగమంచు అని మురిసిపోతారు. లంబసింగిలో అది చాలావరకు మంచే. ఎన్‌ఏడీ కూడలి దగ్గర అందులో మంచు ఎంతో పొగ ఎంతో వేరుచేయడం కష్టం. పొద్దున పదింటికి కూడా ఆ తెర కరగకపోతే అది మంచు కాదని అనుమానించవచ్చు.

చలికాలంలో మరో అతిథి కూడా వస్తుంది. ఉత్తరాది గాలి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా గంగా మైదానం మీద పేరుకున్న పొగ బంగాళాఖాతం మీదికి జారి, తీరం వెంట కిందికి సాగుతుంది. 2006లోనూ, 2008 డిసెంబరు, 2009 జనవరి నెలల్లోనూ ఇస్రో ఆధ్వర్యంలో ఓడల మీద, విమానాల్లో సాగిన ఐకార్బ్ పరిశీలనలు బంగాళాఖాతం మీది ధూళి పొరలను కొలిచాయి. ఊరి పొగకు పైనుంచి ఊరు కాని పొగ తోడవుతుంది. ఆ నెలల్లో విశాఖలో వానలూ ఉండవు, రాత్రులు పొడవు, మూత కిందికి, గాలి నెమ్మది. నాలుగూ ఒకేసారి కలిసిరావడం వల్లే సంవత్సరంలో చెడ్డ గాలి ఆ మూడు నెలల్లో ఉంటుంది. సరిగ్గా ఆ నడిమధ్యన, జనవరి తెల్లవారుజామున నాలుగింటికి, రోజులో మూత అన్నిటికన్నా కిందికి దిగి ఉన్నప్పుడు భోగి మంటలు వేస్తాం. పిడకలు, పాత కట్టెలు అయితే ఒక తీరు. పాత టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేసేవారు కనీసం ఆ పొగ తమ వీధి దాటి ఎక్కడికీ పోదని తెలుసుకుంటే బాగుంటుంది.

ఈ సంగతులన్నీ తెలిశాక ప్రకటనల్లోని అంకెలను వేరే కంటితో చదవాల్సి వస్తుంది. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ ఉంది. లక్ష్యం 2017–18తో పోలిస్తే 2025–26 నాటికి పీఎం 10ను 40 శాతం దాకా తగ్గించడం, లేదా జాతీయ ప్రమాణానికి చేరడం. పీఎం 10కు మన వార్షిక ప్రమాణం ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు, పీఎం 2.5కు 40. పీఎం 2.5 విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే. ఏడాది సగటు తగ్గిందంటే రోడ్లు ఊడ్చినందువల్లనా, అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండాలు ఎక్కువ వచ్చి గాలి కదిలినందువల్లనా? పెరిగిందంటే నియంత్రణ సడలిందా, చలికాలం నిశ్చలంగా గడిచిందా? గాలి, వాన, మిశ్రమ పొర ప్రభావాన్ని తీసివేసి చూసే గణాంక పద్ధతులు ఉన్నాయి. వాటిని వాడకుండా జనవరి అంకెను జూలై అంకెతో పోల్చి విజయం ప్రకటించుకోవడం రుతుపవనం చేసిన పనిని సొంత ఖాతాలో వేసుకోవడమే.

రోజువారీ గాలి నాణ్యత సూచీకీ ఇదే ఇబ్బంది ఉంది. ధూళి కణాలకు అది 24 గంటల సగటు మీద ఆధారపడుతుంది. ఉదయం ఎనిమిదింటి చెడ్డ గాలిని మధ్యాహ్నం రెండింటి మంచి గాలితో కలిపి ‘మోస్తరు’ అని చూపిస్తుంది. ఉబ్బసం ఉన్న మనిషి సగటును పీల్చడు, ఎనిమిదింటి గాలినే పీల్చుతాడు. రామ్‌నగర్‌లోని కేంద్రం చెప్పే అంకె సముద్రపు గాలి వేళ గోపాలపట్నం గురించి, పరవాడకు లోపల ఉన్న పల్లెల గురించి పెద్దగా చెప్పదు. కొలిచే కేంద్రాలను పరిశ్రమల గేట్ల దగ్గరే కాక, సముద్రపు గాలి పొగను దించే దూరంలోనూ పెట్టడం అవసరం.

ముందుగా చెప్పగల సమాచారం మాత్రం ఈ నగరానికి కొత్త కాదు. తుపాను హెచ్చరికల కేంద్రం ఇక్కడే ఉంది. పైగాలి ఉష్ణోగ్రత కొలిచే బెలూన్ల సమాచారం ఉదయం, సాయంత్రం 5.30 గంటల పరిశీలనలుగా నమోదవుతుంది. విలోమం ఎంత ఎత్తులో ఉందో అందులో కనిపిస్తుంది. దిల్లీలో 2018 నుంచి గాలి నాణ్యతకు ముందస్తు హెచ్చరిక వ్యవస్థ నడుస్తోంది, అంచనాలను బట్టి అక్కడ నిర్మాణాలు, లారీల మీద ఆంక్షలు పెడుతున్నారు. విశాఖలో అవసరమైనవి వేరు. పొడిగాలి లేస్తుందని తెలిసిన మధ్యాహ్నం బొగ్గు దించడం ఆపాలి, లేదా అంతకు గంట ముందు గుట్టలను తడపాలి. నిశ్చలంగా ఉండబోయే రాత్రి యూనిట్లను ఆపి మళ్లీ మొదలుపెట్టడం, ట్యాంకులు ఖాళీ చేయడం వంటి పనులను మర్నాడు మధ్యాహ్నానికి వాయిదా వేయాలి. ఇందుకు కావలసింది కొత్త యంత్రాలకంటే ముందు, బెలూన్ లెక్క పోర్టు షిఫ్టు ఇన్‌ఛార్జి బల్ల మీదికి, కర్మాగారం కంట్రోల్ రూమ్‌కు ప్రతి సాయంత్రం చేరే ఏర్పాటు.